భూవినియోగ హక్కు, భద్రత: విశాఖ (1997), నగరం (2014) దుర్ఘటనల చారిత్రక పరిశీలన

తెలుగు వాడుకలో ‘గ్యాసు’ అన్న ఒక్క మాట రెండు భిన్న పదార్థాలకు చెల్లుతున్నది. వంటింటి సిలిండరులోనిది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ద్రవీకృత పెట్రోలియం వాయువు. కృష్ణా-గోదావరి ప్రాంతపు బావుల నుంచి వచ్చేది ప్రధానంగా మీథేన్ ఉన్న సహజవాయువు. మొదటిది గాలికంటె బరువైనది; లీకైతే నేలను అంటిపెట్టుకొని పల్లానికి పారుతుంది, గాలిలో 2 శాతం చేరినా నిప్పు తగిలితే మండుతుంది. రెండవది తేలికైనది, ఆరుబయట పైకి పోతుంది. ఈ తేడా విద్యార్థికి పాఠం కావచ్చు గాని, పైపులైను పక్కన నివసించేవారికి ప్రాణావసరం. ఆంధ్రతీరంలోని రెండు దుర్ఘటనల ఆధారంగా, ఈ జ్ఞానం పైపులైను పక్కనున్నవారికి ఎంతవరకు అందిందో, చట్టం వారినెలా చూసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. కాల్టెక్స్ సంస్థ మల్కాపురం ప్రాంతంలో నెలకొల్పిన చమురుశుద్ధి కర్మాగారం 1957లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1976లో జాతీయమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైంది. ఊరు కర్మాగారం దగ్గరకు వెళ్లిందా, కర్మాగారమే ఊరి దగ్గరకు వచ్చిందా అన్న వాదం విశాఖలో తరచు వినిపిస్తుంది. అది అంత ఉపయోగకరమైన ప్రశ్న అని నేననుకోను. కూలికి వచ్చినవాడు కూలి దొరికేచోటనే ఇల్లు కట్టుకుంటాడు. ఆ సంగతి కర్మాగారం స్థాపించేవారికి మొదటిరోజునే తెలుసు.

1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం. ఓడలో వచ్చిన ద్రవీకృత వాయువును గొట్టం ద్వారా కర్మాగారంలోని గోళాకార ట్యాంకులకు ఎక్కిస్తున్న సమయంలో లీకు ఏర్పడింది. ఆవిరి మేఘంగా పరచుకొని నిప్పంటుకుంది. పేలుళ్లకు కట్టడాలు కూలాయి, మంటలు ట్యాంకునుంచి ట్యాంకుకు పాకాయి. సుమారు 60 మంది మరణించారు. పరిసరాల జనం వేల సంఖ్యలో ఇళ్లు విడిచి వెళ్లారు.

అప్పటికి చట్టం లేదనడానికి వీల్లేదు. 1984 భోపాల్ విషాదం తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో సవరించిన ఫ్యాక్టరీల చట్టం, ప్రమాదాల వివరాలను కార్మికులకే కాక పరిసర ప్రజలకు కూడా వెల్లడించాలన్నది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు కర్మాగారం లోపలికీ వెలుపలికీ వేర్వేరు అత్యవసర ప్రణాళికలు ఉండాలన్నాయి. అయినా 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు ఊరిని మేల్కొల్పవలసిన సైరన్ మోగలేదు. రెండు దుర్ఘటనల మధ్య ఇరవై రెండేళ్లు గడిచాయి.

విశాఖ గొట్టం రేవునూ కర్మాగారాన్నీ కలిపేది. కోనసీమలో గొట్టాలు ఊళ్ల మధ్యనుంచే పోతాయి. అక్కడివారికి గ్యాసు మంట కొత్తది కాదు: 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర అదుపుతప్పిన ఓఎన్‌జీసీ బావి రెండు నెలలకు పైగా మండింది. మామిడికుదురు మండలంలోని నగరం, పేరుకు నగరమే గాని, పల్లె. తాటిపాక నుంచి కొండపల్లి వైపు పోయే గెయిల్ సంస్థ 18 అంగుళాల గొట్టం ఆ ఊరి గుండా వెళ్తుంది. 2014 జూన్ 27 వేకువన అది పగిలింది. వాయువు ఇళ్ల మధ్య పరుచుకొని అంటుకుంది. ఇరవైమందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు మాడిపోయాయి.

మొదట చెప్పిన శాస్త్ర విభజన ఇక్కడ తారుమారైంది. సహజవాయువు తేలిక అన్నది శుద్ధిచేసిన పొడి వాయువు మాట. పొడి వాయువుకోసం ఉద్దేశించిన ఆ గొట్టంలో నీరూ ద్రవ హైడ్రోకార్బన్లూ కలిసిన తడి వాయువు ప్రవహించిందనీ, దానివల్లనే గొట్టం లోలోపల తుప్పుపట్టిందనీ విచారణలో తేలింది. ద్రవ హైడ్రోకార్బన్ల ఆవిరి గాలికంటె బరువైనది. పైకి పోక నేలబారున నిలుస్తుంది. గొట్టం లోపలి తుప్పు ఊరివారికి కనిపించదు. వాసన మాత్రం తెలుస్తుంది. లీకుల గురించి ముందే చెప్పామని గ్రామస్థులు అన్నట్లు ఆనాటి పత్రికలు రాశాయి. ఆ చెప్పడానికి చట్టంలో స్థానమేమిటన్నదే అసలు ప్రశ్న.

గొట్టాలకు భూమి సమకూర్చేది 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల భూవినియోగ హక్కుల సేకరణ చట్టం. సహజవాయువు కూడా దాని నిర్వచనంలో చేరింది. భూమి రైతుదే, గొట్టం వేసి నడిపే హక్కు మాత్రం సంస్థది. ఆ పట్టీలో రైతు ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. కోనసీమలో చెట్టు నాటరాదంటే కొబ్బరి వద్దనడమే. పంటనష్టం వంటివి కాక, ఈ హక్కుకు పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం. ఆ విలువను లెక్కగట్టేది ప్రకటన వెలువడిన నాటి ధరకు. రైతు చేయకూడని పనుల జాబితా ఇంత స్పష్టంగా ఉన్న ఈ చట్టంలో, గొట్టంలో ఏ వాయువు పోతోందో, దాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో అడిగి తెలుసుకునే హక్కు రైతుకు లేదు. 2006 చట్టంతో ఏర్పడిన నియంత్రణ మండలి 2009లో సాంకేతిక, భద్రతా ప్రమాణాలను నిర్దేశించింది. వాటిని పాటించవలసింది సంస్థ, పరిశీలించవలసింది మండలి.

అభ్యంతరం చెప్పుకోవడానికి 1962 చట్టం ఇచ్చిన గడువు, ప్రకటన వెలువడిన తరువాత 21 రోజులు. ఆనాడు ఆ భూమిలో హక్కున్నవారికే ఆ అవకాశం. తరువాత పక్క స్థలం కొన్నవారికి, అద్దెకు వచ్చినవారికి, రోడ్డువార టీ కొట్టు పెట్టుకున్నవారికి ఆ 21 రోజులు ఎప్పుడూ రాలేదు.