వ్రేలికందిన అక్షరము



అంధుల లిపి యనగానే మనకు స్ఫురించునది లూయీ బ్రెయిలీ కల్పించిన చుక్కల లిపి. 1829లో ఫ్రాన్సున ప్రకటింపబడిన ఆ లిపియే 1951లో భారతి బ్రెయిలీ యను పేర మన భాషల కెల్ల నేర్పరుపబడినది. అది బాలుర లేతవ్రేళ్లకు సులభము. నడివయస్సున చూపు పోయినవాని సంగతి వేరు. మేడి పట్టి, మగ్గము నేసి కాయలు గాచిన వ్రేలికి చుక్కకును చుక్కకును నడిమి యెడము తెలియుట కష్టము.

అట్టివారి కక్కరకు వచ్చిన లిపి యింకొకటి కలదు. దానిని కల్పించినవాడు విలియం మూన్. ఇంగ్లీషున మూను అనగా చంద్రుడు. చీకటిలోనివారికి ఆ పేరివాడే దొరకుట చిత్రము! ఆయన 1818లో ఇంగ్లండునందలి కెంటు సీమలో జన్మించెను. నాలుగవ యేట జ్వరము వచ్చి ఒక కన్ను పోయెను. ఇరువదియొకటవ యేటికి రెండవదియు పోయెను. బ్రైటన్ పట్టణమున అంధబాలురకు చదువు చెప్పుచు, ఆనాటి ఉబ్బెత్తు లిపులు వారికి కొరుకుడు పడకుండుట గమనించి, 1845లో తన లిపిని అచ్చొత్తించెను.

అందలి కిటుకు వినుడు. ఇంగ్లీషు అక్షరముల నుండియే చిక్కు గీతలను తొలగించి, వ్రేలికి స్పష్టముగా తగులు పెద్ద గీతలను మాత్రము మిగిల్చెను. చూపున్ననాడు అక్షరము లెరిగినవానికి అవి పాత చుట్టములే. తొలినాళ్లలో పంక్తి ముగిసినచోట ఒక వంపుగీత వ్రేలిని క్రింది పంక్తికి దింపెడిది. ఆ పంక్తిని కుడినుండి యెడమకు చదువవలసియుండెను. చేను దున్ను ఎద్దులు గట్టుకడ మరలి వచ్చునట్లన్నమాట. వ్రేలు దారి తప్పెడిది కాదు.

లోపము లేకపోలేదు. పుస్తకము బరువెక్కును. బ్రెయిలీని శలాకతో పొడిచి యింటనే వ్రాసికొనవచ్చును. మూను లిపి కానా డట్టి సౌకర్యము లేకుండెను. కనుకనే అది వెనుకబడినది.

మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, వయోజన విద్యయందు వారికి ఇతరులతో సమానముగా పాలుండవలెనని 18వ సెక్షనున విధించినది. నాకు మాత్రము అంతకు పాతికేండ్ల ముందటి మాట జ్ఞాపకమునకు వచ్చును. అక్షరాస్యతోద్యమపు రోజులలో మా యూరి రాత్రిబడికి చూపు మందగించిన వృద్ధ నేతగాడొకడు వచ్చి, లాంతరుకడ వాచకమును ముక్కున కానించుకొని కూర్చుండెడివాడు.

“పంతులుగారూ, నా పేరొక్కటి కాస్త పెద్దక్షరాలతో రాసిపెట్టండి బాబూ” అని యడిగెను.

“ఈ వయసులో ఎందుకు తాతా, ఇంటికి పోయి పడుకో” అంటిని. గోడయున్నది, బొగ్గున్నది. వ్రాయనైతిని. అతడు మరల రాలేదు.

ఆ యేడే సహకార సంఘమున అతని అప్పుపత్రమునకు నేను సాక్షి సంతకము చేసితిని. దాని ప్రక్కన అతని వ్రేలిముద్ర పడెను.