ఉస్మానియా ల్యాబుల నుంచి తుర్కపల్లి దాకా

హైదరాబాద్ శివార్లలోని జీవసాంకేతిక పరిశ్రమల కేంద్రం జీనోమ్ వ్యాలీ పాతికేళ్ల పండుగ సందర్భంగా వస్తున్న వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో ముఖ్యంగా రెండు పక్షాలే కనిపిస్తున్నాయి. ఒకటి పెట్టుబడి పెట్టి కంపెనీలు నిలబెట్టినవాళ్లు, రెండోది భూములూ అనుమతులూ ఇచ్చిన ప్రభుత్వాలు. వాళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. అయితే 1999లో ఆ పేరు పుట్టేనాటికే శామీర్‌పేట మండలం తుర్కపల్లిలోనూ, మేడ్చల్ పక్కన అత్వెల్లిలోనూ పనిచేయగల చేతులు తయారై ఉన్నాయి. ఆ చేతులకు పని నేర్పినవాళ్లు విశ్వవిద్యాలయాల అధ్యాపకులు. ఈ ప్రత్యేక సంచికలో వాళ్లకూ కొన్ని పేజీలు ఉండి తీరాలన్న పట్టుదలతో ఇది రాస్తున్నాను. ఉస్మానియా జన్యుశాస్త్ర శాఖ పూర్వ విద్యార్థిగా నా మాట ఎక్కువగా ఆ శాఖ చుట్టూనే తిరుగుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, కాకతీయ విశ్వవిద్యాలయం, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీల పాత్ర తక్కువని దీని అర్థం కాదు.

ఒకప్పుడు మేడ్చల్ అంటే ద్రాక్ష తోటలు. అనాబ్-ఎ-షాహీ గుత్తులు బుట్టల్లో నగరానికి వచ్చేవి. శామీర్‌పేట అంటే పెద్ద చెరువు, జింకల పార్కు, ఆదివారం వనభోజనాలు. ఆ నేల మీద జన్యువుతో పనిచేసే మొదటి పెద్ద పరిశ్రమ శాంతా బయోటెక్నిక్స్. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డిగారు తల్లి పేరు మీద స్థాపించిన ఈ సంస్థ, సొంత గోడలు లేచేలోపు పరిశోధనను ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత సీసీఎంబీలో నడిపించుకుంది. కామెర్ల వ్యాధి హెపటైటిస్-బికి టీకా తయారుచేయడం లక్ష్యం. వైరస్ పైపొర ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును పికియా అనే ఈస్టులోకి చేర్చాలి, ఆ ఈస్టును పెద్ద పాత్రల్లో పెంచాలి, అది తయారుచేసిన ప్రొటీన్‌ను శుద్ధి చేసి టీకాగా మార్చాలి. 1997లో శాన్‌వాక్-బి పేరుతో ఆ టీకా బజారులోకి వచ్చింది. జన్యు పునస్సంయోజన పద్ధతిలో భారతదేశం సొంతంగా తయారుచేసుకున్న తొలి టీకా అది. అప్పటిదాకా విదేశాల నుంచి వచ్చే టీకాను పేదవాడు కొనలేకపోయేవాడు. దేశీ టీకా వచ్చాక ధర ఎన్నో రెట్లు దిగింది.

కంపెనీ తొలి అడుగులు విశ్వవిద్యాలయం గదుల్లో పడ్డాయన్న విషయాన్ని చరిత్రలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. నా దృష్టిలో అసలు కథ ఆ వాక్యం దగ్గరే మొదలవుతుంది.

జన్యుశాస్త్రాన్ని వృక్షశాస్త్రంలోనో జంతుశాస్త్రంలోనో ఒక పేపరుగా కాక, విడిగా ఒక శాఖగా పెట్టి ఎమ్మెస్సీ చెప్పిన తొలితరం విశ్వవిద్యాలయాల్లో ఉస్మానియా ఒకటి. మా తరం వాళ్లకు ఆ శాఖ అనగానే గుర్తొచ్చేది బొంబాయి రవ్వ, బెల్లం, అగార్ కలిపి ఉడికిన వాసన. డ్రోసోఫిలా ఈగలకు అదే తిండి. సీసాల్లో ఈగల్ని పెంచడం, ఈథర్‌తో మత్తు ఇవ్వడం, కుంచె కొనతో ఒక్కొక్కదాన్నీ పక్కకు జరుపుతూ ఎర్రకళ్లవెన్ని తెల్లకళ్లవెన్ని అని లెక్కపెట్టడం మా రోజువారీ పని. ఉల్లి వేరు కొసను స్లైడు మీద నలిపి క్రోమోజోములు చూసేవాళ్లం. మనిషి క్రోమోజోముల ఫొటోలను కత్తెరతో కత్తిరించి, జతలు కట్టి, కాగితం మీద అంటించేవాళ్లం. ఇరవై ఒకటో జతలో మూడోది కనిపిస్తే డౌన్ సిండ్రోమ్. ఆ అంటింపుల్లో ఎవరైనా తొందరపడితే సార్ మారుమాట లేకుండా మళ్లీ మొదటినుంచి చేయించేవారు. తుర్కపల్లిలో నాణ్యత పరీక్ష విభాగంలో కూర్చునే అమ్మాయికి ఇవాళ కావాల్సిన గుణం సరిగ్గా అదే. లెక్క కుదరకపోతే సర్దేయకుండా మళ్లీ చేయడం.

ఆ శాఖ పెద్దల్లో ప్రొఫెసర్ జి.ఎం. రెడ్డిగారి పేరు మొక్కజొన్న జన్యుశాస్త్రం చదివే ప్రపంచమంతటికీ తెలుసు. 1962లో అమెరికాలో ఎడ్వర్డ్ కో అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. గింజ పైపొరకు ఊదారంగు రావాలంటే చాలా జన్యువులు వరుసగా పనిచేయాలి. ఏ జన్యువు ముందు, ఏది వెనక? ఇప్పటి యంత్రాలేవీ అప్పుడు లేవు. వాళ్లు చేసింది ఇంతే. రంగు రాని రెండు వేర్వేరు రకాల గింజల పొరలు తీసి, ఒకదానికొకటి ఆనించి పెట్టారు. దారిలో చివర ఆగిపోయిన పొరలో సగం తయారైన పదార్థం పేరుకుని ఉంటుంది. అది పక్క పొరలోకి పాకుతుంది. పక్క పొర మొదట్లోనే ఆగిపోయినదైతే, తర్వాతి పనులు చేసే శక్తి దానికి ఉంటుంది కనుక అరువొచ్చిన పదార్థంతో రంగు తయారుచేసుకుంటుంది. రంగు ఏ పొరకు వచ్చిందో చూస్తే ఏ జన్యువు ముందో తెలిసిపోతుంది. ఇంత పొదుపైన ప్రయోగం మరొకటి నేను చదవలేదు. డబ్బూ పరికరాలూ లేవని కూర్చునే ప్రతి పరిశోధక విద్యార్థికీ దీన్ని పాఠంగా చెప్పాలి. ఆయన ఉస్మానియాకు వచ్చి మొక్కజొన్నతో పాటు వరి మీదా పని నడిపించారు.

అదే శాఖలో ప్రొఫెసర్ పి.బి. కవికిషోర్‌గారు ఒకే ప్రశ్నను మూడు దశాబ్దాలు పట్టుకుని నడిచిన తీరు ఇంకో పాఠం. 1986 ప్రాంతంలో జి.ఎం. రెడ్డిగారితో కలిసి ఆయన వరి కణజాల వర్ధనం మీద పనిచేశారు. గాజు సీసాలో వరి కణాల ముద్దను చాలాకాలం పెంచితే మళ్లీ మొక్కగా మొలకెత్తే శక్తి పోతుంది. పోషక ద్రవం గాఢతను సరిచేస్తే ఆ శక్తి నిలుస్తుందని, పోయినది తిరిగి వస్తుందని వాళ్లు చూపించారు. ద్రవం గాఢత పెరిగితే కణానికి నీరు సరిగా అందదు. అలాంటి నీటి కరువు వస్తే కణం ఏం చేస్తుందన్న ప్రశ్న అక్కడే ఉంది. 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో దేశ్‌పాల్ వర్మ బృందంతో చేసిన పనిలో అదే ప్రశ్న జన్యువు స్థాయికి చేరింది. నీటి కరువులో మొక్కలు కణాల్లో పోగుచేసుకునే అమైనో ఆమ్లం ప్రోలిన్. దాని తయారీకి కీలకమైన ఎంజైము జన్యువును ఎండను తట్టుకునే మోత్ అనే పప్పుధాన్యం నుంచి తీసి పొగాకు మొక్కలోకి చేర్చారు. ఆ మొక్కల్లో ప్రోలిన్ 10 నుంచి 18 రెట్లు పెరిగింది. నీళ్లు తగ్గినప్పుడు వాటి వేర్లు మామూలు మొక్కల కంటే బాగా పెరిగాయి. 'ప్లాంట్ ఫిజియాలజీ'లో వచ్చిన ఆ వ్యాసాన్ని కరువును తట్టుకునే పైర్ల మీద పనిచేసేవాళ్లు నేటికీ ఉదహరిస్తారు.

మరుసటి ఏడాదే అదే పత్రికలో దాని మీద వాదం నడిచింది. పెరిగిన ప్రోలిన్ నీటిని పట్టి ఉంచడానికి నిజంగా చాలుతుందా అని ఉద్దండులైన శాస్త్రవేత్తలు ప్రశ్నించారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో ప్రోలిన్ చేసే ఇతర పనుల మీద, అది మొక్కలో ఎలా పుట్టి ఎలా ఖర్చవుతుందన్న దాని మీద కవికిషోర్‌గారు సహచరులతో కలిసి వివరమైన సమీక్షలు రాశారు. చివరికి ఆ జన్యువు మన జొన్నలోకీ వచ్చింది. దాన్ని మెరుగుపరిచిన రూపంలో జొన్నకు చేర్చి, ఉప్పు నేల ఒత్తిడిని మొక్క మెరుగ్గా తట్టుకుంటుందని 2015లో ఆయన బృందం ప్రచురించింది. వరి ముద్ద నుంచి పొగాకు మీదుగా తెలంగాణ జొన్నకు చేరిన ఈ ప్రయాణం, పరిశోధన పీహెచ్‌డీ ఐదేళ్లతోనే ముగిసిపోతుందనుకునే పిల్లలకు చెప్పాల్సిన కథ.

మొక్కల కథ ఇది. మనుషుల కథ బేగంపేటలో నడిచింది. ప్రొఫెసర్ ఓ.ఎస్. రెడ్డిగారి చొరవతో ఉస్మానియా ఆధ్వర్యంలో అక్కడ జన్యుశాస్త్ర సంస్థ, జన్యు వ్యాధుల ఆసుపత్రి వెలిశాయి. తెలుగు దేశంలో జన్యుశాస్త్రం అంటే మేనరికం గురించి మాట్లాడక తప్పదు. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనబావను చేసుకుంటే పదహారింట ఒకటి. పిఠాపురం నుంచి వెళ్లి జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు కలకత్తాలో శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావుగారు 1960ల తొలినాళ్లలోనే ఆంధ్రప్రదేశ్ మేనరికాలను లెక్కకట్టి ప్రచురించారు. తరగతిలో ఈ భిన్నాలు వచ్చినప్పుడు మాలో చాలామంది మనసులో సొంత ఇంటి వంశవృక్షం గీసుకున్నాం. బేగంపేటకు వచ్చే తల్లిదండ్రులకు ఇదే విషయాన్ని నిందలేకుండా, భయపెట్టకుండా చెప్పాలి. ఎవరి తప్పూ లేదు, మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ఇదీ అవకాశం, ఇవీ పరీక్షలు అని తెలుగులో, ఉర్దూలో వివరించాలి. ఆ మాటతీరు ఏ పుస్తకంలోనూ లేదు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని విని నేర్చుకున్నదే.

గైడు అన్న మాటకు విశ్వవిద్యాలయంలో చాలా బరువుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చదివి, స్ట్రిక్‌బర్గర్ రాసిన ఇంగ్లీషు జన్యుశాస్త్ర పాఠ్యపుస్తకం మొదటి పేజీ దగ్గరే ఆగిపోయిన పల్లెటూరి పిల్లలకు సాయంత్రం మళ్లీ తెలుగులో పాఠం చెప్పినవాళ్లున్నారు. ఫెలోషిప్ నెలల తరబడి రాకపోతే రసాయనాలు పక్క శాఖ నుంచి అడిగి తెచ్చిపెట్టినవాళ్లున్నారు. థీసిస్ అధ్యాయం ఎర్రసిరాతో నిండి తిరిగొచ్చినప్పుడు కళ్లనీళ్లు వచ్చేవి. మూడోసారి తిరిగొచ్చాక చదువుకుంటే, ఇది మనం రాసిందేనా అనిపించేది. ఇవాళ కంపెనీలో ఒక బ్యాచి రికార్డు రాసేటప్పుడు ఒక్క అంకె కొట్టివేసినా సంతకం, తేదీ వేసే అలవాటు మాలో చాలామందికి అక్కడే అబ్బింది.

తర్వాతి చరిత్ర అందరికీ తెలిసిందే. కృష్ణ ఎల్ల, సుచిత్ర ఎల్ల 1996లో స్థాపించిన భారత్ బయోటెక్ తుర్కపల్లిలో ఎదిగింది. అక్కడే 200 ఎకరాల్లో నాలెడ్జ్ పార్కు వచ్చింది. 2008లో శామీర్‌పేట మండలంలోనే బిట్స్ పిలానీ క్యాంపస్ మొదలైంది. 2021 జనవరి 3న భారత్ బయోటెక్ కోవిడ్ టీకా కోవాక్సిన్‌కు అత్యవసర అనుమతి లభించింది. ఆ ఏడాది డిసెంబరులో అనుమతి పొందిన బయలాజికల్ ఇ వారి కోవిడ్ టీకా కోర్బెవాక్స్, శాంతా టీకాలాగే, పికియా ఈస్టులో పండిన ప్రొటీనే. మేడ్చల్‌లో 1997లో పనికొచ్చిన ఈస్టు, మహమ్మారి కాలంలో మళ్లీ పనికొచ్చింది. ఉదయం అల్వాల్, హకీంపేట మీదుగా శామీర్‌పేట వైపు పోయే కంపెనీ బస్సుల్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఎమ్మెస్సీలు కూర్చుని ఉంటారు.

ఆ విశ్వవిద్యాలయాలు మాత్రం ఇవాళ ఇబ్బందిలో ఉన్నాయి. రిటైరైన ప్రొఫెసర్ల స్థానాలు ఏళ్ల తరబడి నిండటం లేదు. కాంట్రాక్టు అధ్యాపకుల మీద శాఖలు నడుస్తున్నాయి. గైడు లేని చోట పరిశోధన ఉండదు. పరిశోధన లేని చోట పిల్లలకు పాత నోట్సే మిగులుతుంది. ఇది సాగితే మరో పాతికేళ్ల తర్వాత ఇక్కడి కంపెనీలు పనివాళ్ల కోసం బయట వెతుక్కోవాల్సి వస్తుంది.

కనుక ఈ సంచిక చదువుతున్న కంపెనీల పెద్దలకు ఒక విన్నపం. ఏటా కొందరు రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఎమ్మెస్సీ విద్యార్థులకు మీ ల్యాబుల్లో ప్రాజెక్టు చేసుకునే చోటు, ఆ నెలల్లో బతకడానికి కొంత భృతి ఇవ్వండి. మీ శాస్త్రవేత్తలను నెలకొక రోజు క్యాంపస్‌కు పంపి పాఠం చెప్పించండి. ప్రభుత్వానికి మా మనవి ఒక్కటే, ఖాళీ పోస్టులు నింపండి. ఇక పూర్వ విద్యార్థులకు. మీ దగ్గరున్న పాత థీసిస్ ప్రతులు, ల్యాబ్ నోటుపుస్తకాలు, సార్ ఎర్రసిరా కాగితాలు అటకమీద చెదపట్టనివ్వకండి. శాఖ గ్రంథాలయానికి అప్పగించండి. మీకు పాఠం చెప్పినవాళ్లు బతికి ఉంటే ఈ నెలలోనే వెళ్లి కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేయండి.