తీర్థంలో కొన్న యుద్ధ హెలికాప్టర్: అసలుకెంత దగ్గర, చేతికెంత భద్రం?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికైనా, అరసవల్లి రథసప్తమికైనా వెళ్తే బొమ్మల కొట్ల వరసలో పెద్ద మిలటరీ హెలికాప్టర్ ఒకటి కనిపిస్తుంది. ఎంత పెద్దదైతే అంత గట్టిదనీ, అంత నిజంగా ఉంటుందనీ కొనేవాళ్లలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఎంతో చూడటమే ఈ వ్యాసం పని. నేను చూసినంతలో అసలుదనం వేరు, నాణ్యత వేరు. ఒకటి ఉందని రెండోది ఉన్నట్టు కాదు. కొన్నిచోట్ల అవి ఒకదానికొకటి అడ్డం కూడా వస్తాయి.

పోల్చి చూడటానికి ముందు అసలు యంత్రం కావాలి. ఉత్తరాంధ్రకు ఆ కొరత లేదు. విశాఖలోని ఐఎన్ఎస్ డేగా నౌకాదళ వైమానిక స్థావరం. చేతక్, కమోవ్-28 లాంటి హెలికాప్టర్లు ఎగిరిన చోటు అది. 2007లో అమెరికా నుంచి జలాశ్వ నౌకతో పాటు మనకొచ్చిన యూహెచ్-3హెచ్ సీకింగ్‌లు కూడా అక్కడి నుంచే పనిచేసి, 2024 జూన్‌లో విరమించాయి. వరదల్లో, తుపాన్లలో సహాయానికి వాయుసేన వాడే పెద్ద హెలికాప్టర్ ఎంఐ-17. కొట్లో ఎక్కువగా కనిపించే రూపం మాత్రం వీటిలో ఏదీ కాదు, అమెరికా అపాచీది. అది మన వాయుసేనలో చేరింది 2019లోనే. దాని బాడీలు హైదరాబాద్ దగ్గర ఆదిబట్లలో టాటా, బోయింగ్‌ల ఉమ్మడి కర్మాగారంలో తయారవుతున్నాయి కాబట్టి దాన్ని పరాయిదనుకోవక్కర్లేదు.

బొమ్మ అసలుకు ఎంత దగ్గరో తేల్చడానికి నాకు అన్నిటికన్నా నమ్మకంగా తోచిన కొలత ఒకటుంది. పై రెక్కలు తిరిగే వలయం అడ్డు కొలతను బాడీ పొడవుతో భాగించడం. బొమ్మ ఏ సైజుదైనా ఈ నిష్పత్తి మారకూడదు. దారం ముక్క ఉంటే చాలు. ఒక జాగ్రత్త: మూడు, ఐదు రెక్కలున్న వాటిలో ఏ రెక్కకూ సరిగ్గా ఎదురుగా ఇంకోటి ఉండదు. కొస నుంచి కొసకు కొలిస్తే తప్పొస్తుంది. నడిమి ఇరుసు నుంచి రెక్క కొసకు కొలిచి రెట్టింపు చేయాలి.

చేతక్ వలయం 11.02 మీటర్లు, బాడీ సుమారు 10 మీటర్లు, అంటే నిష్పత్తి 1.1. సీకింగ్‌కు 18.9 మీటర్లు, 16.7 మీటర్లు, 1.13. ఎంఐ-17కు వలయం 21 మీటర్లు దాటుతుంది, నిష్పత్తి దాదాపు 1.15. అపాచీకి 14.63 మీటర్ల వలయం, 15 మీటర్ల బాడీ. ఒకటికి కాస్త తక్కువ. కమోవ్-28 పొట్టి బాడీ మీద పెద్ద రెక్కలు, దాదాపు 1.4. బాడీ పొడవును ఒక పుస్తకం తోక ఫ్యానుతో కలిపి చెబుతుంది, ఇంకోటి కలపకుండా చెబుతుంది. అందుకని రెండో దశాంశ స్థానాన్ని పట్టించుకోకూడదు. పదో వంతుకు మించి తేడా వస్తేనే తప్పు అనాలి. ఉదాహరణకు 45 సెంటీమీటర్ల బాడీ ఉన్న అపాచీ బొమ్మకు వలయం 44 సెంటీమీటర్ల దాకా ఉండాలి. 30 దగ్గర ఆగిపోతే, ఎన్ని క్షిపణులు అతికించినా అది అపాచీ కాదు.

రెక్కల లెక్కకు దారం కూడా అక్కర్లేదు. చేతక్‌కు మూడు, అపాచీకి నాలుగు, సీకింగ్‌కూ ఎంఐ-17కూ ఐదేసి.

రెక్కలు తిరిగే దిక్కూ ఒక సాక్ష్యమే. పైనుంచి చూస్తే అమెరికా హెలికాప్టర్ల రెక్కలు గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతాయి. చేతక్, ఎంఐ-17 రెక్కలు ముల్లు తిరిగే దిక్కునే తిరుగుతాయి. బొమ్మ ఆగి ఉన్నా ఇది తెలుసుకోవచ్చు: రెక్కకు మందంగా, గుండ్రంగా ఉన్న అంచు ముందు నడుస్తుంది, పలచని అంచు వెనక వస్తుంది. రెక్కను బల్లపరుపు ప్లాస్టిక్ ముక్కగా వదిలేస్తే, చేసినవాళ్లు అసలు యంత్రాన్ని దగ్గరగా చూడలేదని నేను అనుమానిస్తాను. అనుమానమే, తీర్పు కాదు.

ఒకే ఇరుసు మీద రెండు వరసల రెక్కలున్న రిమోట్ బొమ్మలను చాలామంది నకిలీ అని తీసిపారేస్తారు. అక్కడ కాస్త ఆగాలి. ఇంజను పై రెక్కలను ఒక దిక్కుకు తిప్పితే బాడీ రెండో దిక్కుకు తిరగబోతుంది. దాన్ని ఆపడానికే తోక చివర నిలువు ఫ్యాను ఉంటుంది. రెండు వరసలు ఎదురెదురు దిక్కులకు తిరిగితే ఆ తోపుడు ఒకదానికొకటి చెల్లిపోతుంది, తోక ఫ్యాను అవసరమే ఉండదు. కమోవ్-28 సరిగ్గా అలాంటిదే. ఆర్కే బీచ్‌లో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 విమానంలోనూ ప్రతి ఇంజనుకు ముందొకటి, వెనకొకటి ఎదురెదురుగా తిరిగే ప్రొపెల్లర్లు కనిపిస్తాయి. అక్కడ ముఖ్యోద్దేశం వేరు, ఇంజను బలం వృథా పోకుండా వాడుకోవడం. కాబట్టి రెండు వరసలు ఉండటం తప్పు కాదు, వాటిని అపాచీ బాడీ మీద పెట్టడమే తప్పు. ఎగరడం తేలిక కావాలని అలా చేస్తారు. తోక ఫ్యాను అలంకారంగా మిగులుతుంది, లేదంటే పడుకోబెట్టిన చిన్న ఫ్యానుగా మారి ముక్కును పైకీ కిందికీ వంచుతుంది. ఎగరడమే ముఖ్యమనుకునే పిల్లవాడికి అది మేలైన ఏర్పాటే.

పెద్ద బొమ్మల్లో బయటపడే అసలు లోపం సైనికుల బొమ్మల దగ్గర. మనిషి ఎత్తు 170 సెంటీమీటర్లు అనుకుంటే, తొమ్మిదిన్నర సెంటీమీటర్ల సైనికుడు అసలులో పద్దెనిమిదో వంతు. అతనికి సరిపోయే చేతక్ బాడీ 56 సెంటీమీటర్లు, అపాచీ బాడీ 84 సెంటీమీటర్లు ఉండాలి. 30 సెంటీమీటర్ల సైనికుడైతే దాదాపు ఆరో వంతు. అప్పుడు చేతక్ బాడీ కూడా మీటరున్నర దాటుతుంది. అంత అట్టపెట్టె ఏ కొట్లోనూ పట్టదు. అందుకే తోకను కుదిస్తారు, లోపలి గదిని ఉబ్బిస్తారు. పెద్దదైన కొద్దీ అసలుకు దూరమయ్యే వీలుంది తప్ప దగ్గరవుతుందన్న హామీ లేదు.

రంగులు, గుర్తులు బలహీనమైన సాక్ష్యాలు. అపాచీ మీద ‘ఆర్మీ’ అని రాసి ఉంటే ఒకప్పుడు తప్పనేవాళ్లం. 2025 జూలైలో మన సైన్యానికీ అపాచీలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు ఆ మాట చెల్లదు.

ఇక నాణ్యత. బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటుతోనో సెల్లుతోనో నడిచేవాటికి ఐఎస్ 15644 ప్రమాణాలు. పదును అంచులు, ఊడివచ్చే చిన్న ముక్కలు, రంగులో సీసం లాంటివి ఇక్కడ పరీక్షకు వస్తాయి. ఈ ఉత్తర్వుకు ముందు, 2019లో, భారత నాణ్యతా మండలి ఢిల్లీ పరిసరాల్లో 121 రకాల బొమ్మలను పరీక్షిస్తే దాదాపు మూడింట రెండు వంతులు తప్పాయి. అది ఢిల్లీ లెక్క, పైగా ఉత్తర్వుకు ముందటిది. దాన్ని పట్టుకొని ఈనాటి శ్రీకాకుళం కొట్ల మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

గుర్తు లేకపోతే చెడ్డదనీ చెప్పలేం. లక్కతో, సహజ రంగులతో చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి గుర్తింపు పొందిన కళాకారుల పనికి ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది. పెద్దవాళ్లు అల్మరాలో పెట్టుకునే నమూనాలూ ఆ పరిధిలోకి రావు. అసలుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేవి అవే. సన్నని యాంటెనాలు, పలచని పొడవాటి రెక్కలు వాటి అందం. మూడేళ్ల పిల్ల నోట్లోకో కంట్లోకో వెళ్లేవీ అవే. మెత్తని ప్లాస్టిక్‌తో పొట్టిగా, చుట్టూ వలయం ఉన్న రెక్కలు నా దారపు కొలతలో ఓడిపోతాయి. ఎగిరే బొమ్మకు నేను వాటినే ఎంచుకుంటాను.

కొనే ముందు ఐఎస్ఐ గుర్తు దగ్గరున్న లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. కంపెనీ పేరు, లైసెన్సు అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. రెండుసార్లు కింద పడ్డాక ఆ రెక్క విరిగి పదునెక్కిందో లేదో యాప్ చెప్పదు. బటన్ సెల్లు మూతకు స్క్రూ బిగించి ఉందో లేదో కూడా మన వేలితో తడిమి చూసుకోవాల్సిందే. ఆ సెల్లును పసివాడు మింగితే గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది.