కుంకుడు, ఇప్పనూనె: ఖానాపూర్ ప్రాంతపు చుండ్రు వైద్యం – చారిత్రక పరిశీలన

2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, నేడు నిర్మల్ జిల్లాకు చెందిన ఖానాపూర్ గోదావరికి ఉత్తరాన, అడవుల అంచున ఉన్న పట్టణం. ఈ ప్రాంతపు సంప్రదాయ కేశసంరక్షణలో కుంకుడు, ఇప్ప అనే రెండు చెట్ల ప్రస్తావన తప్పనిసరి. ఒకటి జిడ్డును తొలగించేది, మరొకటి జిడ్డును ఇచ్చేది. నాటువైద్యమనే పేరుతో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం పరిపాటి అయింది. చుండ్రు విషయంలో అది సరికాదు.

సుశ్రుతసంహిత చుండ్రును 'దారుణకం' అనే పేరుతో క్షుద్రరోగాలలో చేర్చింది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దానిని శిరోరోగాల మధ్య వర్ణించాడు. దురద, తలచర్మం పొడిబారి పగలడం దాని లక్షణాలు. పొడిదనమే రోగమని భావించినచోట నూనె మందు కావడం సహజం.

1874లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మలస్సే చుండ్రు పొలుసులలో ఒక శిలీంధ్రాన్ని గుర్తించడంతో ఈ తర్కం తలకిందులైంది. ఆయన పేరుమీదుగా 'మలసేజియా' అని పిలిచే ఈ శిలీంధ్రం కొవ్వు ఆమ్లాలను స్వయంగా తయారుచేసుకోలేదని 2007లో ప్రకటితమైన జన్యుపటం తెలిపింది. కనుక అది తలమీది జిడ్డును విడగొట్టి, సంతృప్త ఆమ్లాలను గ్రహించి, ఒలెయిక్ ఆమ్లాన్ని మిగుల్చుతుంది. చుండ్రు స్వభావం ఉన్నవారి తలకు ఆ ఆమ్లాన్ని పూసినప్పుడు పొలుసులు లేచినట్లు 2005 నాటి పరిశోధన చూపింది. ఇప్పనూనెలోని కొవ్వు ఆమ్లాలలో అన్నింటికన్నా ఎక్కువగా ఉండేది ఒలెయిక్ ఆమ్లమే. మిగిలినదానిలో ఈ శిలీంధ్రానికి ఆహారమయ్యే పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు గణనీయంగా ఉన్నాయి.

అయితే తలంటు ఆచారాన్ని ఇక్కడితో తోసిపుచ్చరాదు. నూనె పట్టించి, కొంతసేపు ఆగి, కుంకుడు రసంతో కడిగివేయడం దాని క్రమం. నూనెకు పొలుసులు మెత్తబడతాయి. కుంకుడులోని సపోనిన్లు నురగగా మారి వాటిని జిడ్డుతోసహా తొలగిస్తాయి. కంట్లో పడి పిల్లలను ఏడిపించే ఆ రసమే ఇక్కడ అసలు మందు. కడగకుండా రోజుల తరబడి నూనెను తలపై ఉంచడంలోనే దోషముంది.

వేపాకు సారం ప్రయోగశాలలో మలసేజియాను అణచినా, గాజుపళ్లెంలోని ఫలితం మనిషి తలకు వర్తించాలంటే వేరే పరీక్ష కావాలి. 2002లో ఆస్ట్రేలియాలో 126 మందిపై నాలుగు వారాలు జరిగిన పరీక్ష అటువంటిదే. 5 శాతం టీ ట్రీ నూనె కలిపిన షాంపూతో 41 శాతం, అది కలపని షాంపూతో 11 శాతం మెరుగుదల కనిపించింది. ఆ 11 శాతంలో కేవలం కడగడం వల్ల కలిగిన మేలు కూడా ఉంది. అటువంటి పరీక్షకు నిలిచేవరకు కుంకుడును ఈ రెండవ షాంపూ పక్కనే ఉంచడం న్యాయం.