కాటన్ దొర ఇంటిపేరు

కాటన్ దొర పేరు వినకుండా మన బడిలో ఎవరూ పదో తరగతి దాటలేదు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైందని, 1852కి పూర్తయిందని అందరం కంఠతా పట్టినవాళ్లమే. తర్వాత నేనూ చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలోనే పడ్డాను. అక్కడ పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. "కాటన్ అంటే పత్తి కదండీ, వాళ్లది పత్తి వ్యాపారమా?" స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆ ప్రశ్నే గుర్తుకొచ్చింది.

పత్తి అనే అర్థమున్న మాట అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరులోని కాటన్‌కు దానితో చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. కాటేజీలో ఉన్నదీ అదే. (మనం పడుకునే కాట్ వేరు. అది మన దేశపు 'ఖాట్' ఇంగ్లీషు వేషం వేసుకుని తిరిగొచ్చింది.) 'గుడిసెల దగ్గర' అనడానికి వాళ్లు 'కోటుమ్' అనేవారు. కాలక్రమంలో అది కోటన్, కాటన్ అయింది. నాలుగు గుడిసెలు లేచిన చోట ఆ పేరు నిలిచేది కనుక అలాంటి ఊళ్లు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. కేంబ్రిడ్జి పక్కనే ఒక కోటన్ ఉంది. సఫోక్‌లోని కాటన్ మాత్రం కొడ్డా అనే మనిషి పేరు మీద వెలసిందని పండితులంటారు. చెవికి ఒకటే, పుట్టుక వేరు.

ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు వింత కాదు. పాడు, పూడి, పాటి, పల్లిలతో ముగిసే మన ఇంటిపేర్లన్నీ ఒకప్పటి ఊళ్లే. ఇంగ్లండులో 1066 నాటి నార్మన్ల విజయం తర్వాతే వంశపారంపర్యమైన ఇంటిపేర్లు మెల్లగా మొదలయ్యాయి. సుమారు 1400 నాటికి చాలామందికి స్థిరపడ్డాయి. ఊరు విడిచి వచ్చినవాడినే ఊరి పేరుతో పిలుస్తారు కదా! అందుకే ఒకే పేరున్న కాటన్లు ఒకే వంశంవాళ్లు కారు. ఒకే ఇంటిపేరు మన దగ్గర వేర్వేరు కులాల్లో కనిపించడం లేదూ?

మన ఆర్థర్ కాటన్ కాంబర్మియర్ కాటన్ల వంశంవాడు. చెషైర్‌లోని కాంబర్మియర్ మఠాన్ని ఎనిమిదో హెన్రీ 1538లో మూయించాక ఆ ఆస్తి ఈ కుటుంబానికి దక్కింది. 1826లో భరత్‌పూర్ కోటను పట్టిన సేనాని కాంబర్మియర్ ప్రభువు ఆర్థర్‌కు పెదనాన్న కొడుకు. గుడిసెల పేరుతో ఒకరు కోట పడగొట్టారు, ఒకరు ఆనకట్ట కట్టారు. నాకు రెండోవారే గొప్ప.

మరో శాఖ కాటన్ల గురించి చెప్పకుండా ఉండలేను. సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) పాత రాతప్రతుల కోసం ప్రాణం పెట్టిన మనిషి. ఆయన గ్రంథాలయంలో ఒక్కో బీరువా మీద ఒక్కో రోమన్ చక్రవర్తి ప్రతిమ ఉండేది. పుస్తకాలకు గుర్తులూ ఆ పేర్లతోనే. 'బేవుల్ఫ్' కావ్యపు ఒకే ఒక్క ప్రతి, 1215 నాటి మాగ్నాకార్టా ప్రతులు నాలుగింటిలో రెండు ఆయన దాచినవే. 1731లో ఆ భవనం తగలబడింది. చాలా ప్రతులు కాలాయి. బేవుల్ఫ్ అంచులు మాడి బతికింది.

ఇంగ్లండులో ఒక సాధారణ కుటుంబం పేరు వెనక్కి వెతకగలగడానికి ముఖ్య కారణం చర్చి రిజిస్టర్లు. పుట్టుక, పెళ్లి, చావు రాసిపెట్టాలని థామస్ క్రామ్వెల్ ఆజ్ఞ ఇచ్చిందీ 1538లోనే. మనకు అలాంటిది బడి అడ్మిషన్ రిజిస్టరే. ఈ మధ్య మన బడిలోని తొలి ఏళ్ల రిజిస్టర్లు చూశాను. రెండింటికి చెదలు పట్టింది. మిగిలినవాటిలోనూ ఇంటిపేరంటే ఒక పొడి అక్షరం. కూలీల పిల్లలకైతే అదీ లేదు, పేరు పక్కన తండ్రి పేరు మాత్రమే. వాళ్లకు ఇంటిపేరు లేక కాదు, ఎవరూ అడగక.

అందుకని ఉత్సవాల రోజున హెడ్మాస్టరు గది ముందు బల్ల మీద ఒక కొత్త పుస్తకం పెడుతున్నాం. మొదటి పది బ్యాచ్‌లవాళ్లు మీ పూర్తి ఇంటిపేరు, అది ఏ ఊరి నుంచి వచ్చిందని పెద్దలు చెప్పేవారో రాయండి. రాలేని స్నేహితుల వివరాలు తెలిస్తే వాళ్లను అడిగి మీరే రాయండి. పెన్ను తెచ్చుకోనక్కర్లేదు, దారం కట్టి ఉంచుతాం.