రంగూను రేవులో తెలుగు కూలీలు

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. కాలువలు పారినచోట పల్లెలు పచ్చబడినవి. అయినను ఆ నీరు అందరి కడుపులను నింపలేదు. గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి వేలకొలది జనులు పొట్ట చేతబట్టుకొని, ఓడలెక్కి బర్మాకు పోయిరి.

గోదావరీ ముఖమున నున్న కోరంగి రేవు 1839 నాటి తుపానులో నాశనమైనను, దాని పేరు సముద్రము దాటినది. ఏ యూరివాడైనను, ఏ కులమువాడైనను తెలుగు కూలీ రంగూనులో 'కొరంగీ'యే. బియ్యపు బస్తాలు మోయువాడు, రిక్షా లాగువాడు అతడే. దారిఖర్చులకు అప్పిచ్చి తీసికొనిపోయిన మేస్త్రీ, ఆ బాకీని అతని కూలిలో మినహాయించుకొనుచుండెను.

1930 మే నెలలో గాంధీమహాత్ముని నిర్బంధించిరి. ఆ నెలలోనే రంగూను రేవుకూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. యజమానులు బర్మీయులను కుదుర్చుకొని పని జరిపించిరి. పిమ్మట రాజీ కుదిరినది. మే 26వ తేదీన తెలుగువారు పనికి రాగా, బర్మీయులకిక పని లేదనిరి. ఉన్న పని పోయి, అవమానము మిగిలినవారు తిరగబడిరి. రేవులో పుట్టిన తగవు నగరమంతయు ప్రాకెను. నూరుమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది తెలుగు కూలీలే.

ఒకడు అడిగినది కూలి. వేరొకడు అడిగినది పని. ఈ రెండింటిని ఎదురెదురుగా నిలిపినవారు యజమానులు. కాని బర్మీయుల కంటికి ఆ సమ్మె పరదేశీయుల పెత్తనముగనే కనబడెను. ఇందుకు కారణము లేకపోలేదు. అప్పటికి రంగూను జనాభాలో సగమునకు మించి భారతీయులే. ధాన్యము ధర పడిపోయి, చెట్టియార్ల అప్పులక్రింద భూములు పోగొట్టుకొనుచున్న రైతునకు, ఆ చెట్టియారును ఈ కూలీయు ఒక్కటిగనే తోచిరి. ఆ దొమ్మి వేడిలోనే దొబామా జాతీయసంస్థ తల యెత్తినది. 1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1942లో జపానుసేనలు రాగా, లక్షలాది భారతీయులు కాలినడకను కొండలు, అడవులు దాటి స్వదేశము చేరవలసివచ్చెను. దారిలో రాలిపోయినవారెందరో.

ఈ చరిత్ర మన డెల్టాకు దూరమైనది కాదు. నేడు నాట్లకు, కోతలకు ఉత్తరాంధ్రనుండి కూలీలు మన పొలములకు వచ్చుచున్నారు. విజయవాడలో లేచుచున్న మేడలకు ఒడిశా, బీహారు ప్రాంతములవారు ఇటుకలు మోయుచున్నారు. అప్పుడు మనము అతిథులము, ఇప్పుడు ఇంటివారము. వచ్చినవారిని మనమును ఊరిపేరుతోనే పిలుచుచున్నాము. వారు కూలి హెచ్చింపుమని నిలిచిననాడు, ఆ కోరిక న్యాయమా కాదా యని విచారింతుమా? లేక వారెక్కడివారని మాత్రమే అడుగుదుమా? రంగూనులో మొదటి ప్రశ్న వేసినవారు అరుదు. ఆ లోపమునకు తెలుగు కూలీయు, బర్మీయ కూలీయు కూడ మూల్యము చెల్లించిరి.