దింపుడు కళ్లము మొదలు న్యాయస్థానము వఱకు

కోనసీమయందు వైనతేయనది యొడ్డున అప్పనపల్లి గ్రామము కలదు. తెలుగునాట ననేక గ్రామములందువలెనే ఆ ప్రాంతమునను పాడెను శ్మశానమునకు గొనిపోవునపుడు నడిత్రోవలో దింపి, చనిపోయినవాని చెవిలో మూడుమార్లు పేరుపెట్టి పిలుచు నాచారమును పెద్ద లెఱుగుదురు. దానినే దింపుడు కళ్లమందురు. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభమే గాని, నా కట్లు తోచదు. నాడి చూచుట దక్క వేఱు సాధనము లేని కాలమున, బ్రదికియున్నవానిని కాల్తుమేమో యను భయము సహజము. ఊరివా రందఱు చూచుచుండగా తుదిపర్యాయము పిలిచి, పలుకకున్న పిమ్మటనే నిప్పు పెట్టుదురు. మరణమును నిశ్చయించుటకొక పద్ధతియు, సాక్షులును వలయునని మనవా రెఱిగియే యుండిరి.

ఊపిరి నిలిచిన గుండె నిలుచును, గుండె నిలిచిన మనిషి లేడు. వేలయేండ్లుగా లెక్క యింతే. ఈ లెక్క 1952వ సంవత్సరమున తప్పినది. ఆ యేట కోపెన్‌హేగన్ నగరమున పోలియో ప్రబలి, రోగు లూపిరాడక చనిపోవుచుండగా, ఇబ్సెన్ అను మత్తువైద్యుడు గొంతునకు రంధ్రముచేసి గొట్టమమర్చి, రబ్బరుతిత్తి నొక్కుచు గాలి నెక్కించు నుపాయము చెప్పెను. వైద్యవిద్యార్థులు వందలకొలది వంతులు వేసికొని రేయింబవళ్లు తిత్తులు నొక్కిరి. ఆ చేతులకు మాఱుగా వచ్చినదే వెంటిలేటరు. దానివలన బ్రదికి యింటికి వచ్చినవా రెందఱో! కాని, మెదడు పూర్తిగా నశించియు గుండె మాత్రము కొట్టుకొనుచుండు దేహములును ఈ యంత్రము వచ్చిన పిమ్మటనే వైద్యుల కంటబడినవి. 1967లో దక్షిణాఫ్రికాలో బర్నార్డు ఒకని గుండెను మఱియొకని కమర్చెను. మఱుసటియేట హార్వర్డు విశ్వవిద్యాలయపు సంఘ మొకటి మెదడు చచ్చుటను మరణలక్షణముగా నిర్వచించెను. మనదేశమున 1994లో అవయవముల మార్పిడి చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశము 1995లో తన చట్టమును దాను చేసికొన్నది. మెదడు చచ్చినదని చెప్పుటకు నలుగురు వైద్యులు కూడవలెను, ఆఱుగంటల యెడముతో రెండుమార్లు పరీక్షింపవలెను. దింపుడు కళ్లమున మూడుమార్లు పిలిచినవారి సంతతికి ఇందు వింత యేమియు నుండదు.

2004 డిసెంబరులో హైదరాబాదున ఈ చట్ట మొక తల్లి యెదుట నిలువవలసి వచ్చెను. ఆమె కుమారుడు వెంకటేశు ఇరువదియైదేండ్ల యువకుడు, చదరంగపు టాటగాడు. కండరములు క్రమముగా క్షీణించు వ్యాధి యతనిని వెంటిలేటరు పాలుచేసెను. చావెట్లును తప్పదు గావున, అవయవములు చెడకమునుపే తీసి పరులకిండని యతడు కోరెను. తల్లి ఉన్నతన్యాయస్థానము నాశ్రయించెను. మెదడు చావనివాని యవయవములను అట్లు తీయుటకు చట్టము సమ్మతింపదని న్యాయస్థానము త్రోసిపుచ్చెను. ఆ నెలలోనే యతడు మరణించెను.

ఈ కథ విన్నవారు చట్టమును నిందింతురు. నిదానించి చూడవలెను. మూత్రపిండమువంటి దానిని బ్రదికియుండియు నొకటి యీయవచ్చును. గుండె తీసినచో అది చంపుటయే యగును. తెలివియున్న మనిషి నట్లు చేయుటకు వైద్యుని కధికార మిచ్చిన, ఱేపు దిక్కులేని రోగి యొక్కని గతి యేమి? న్యాయస్థానమువా రీ విషయమున తప్పినారని నే ననజాలను. కాని ఆ యర్జీలో మఱియొక ప్రశ్నయు దాగియున్నది. నాకీ యంత్రము వలదని చెప్పుటకు రోగికి హక్కు కలదా? ఇది యవయవదానముతో పనిలేని ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో మన తెలుగువా రిరువు రుండుట గమనింపదగినది. న్యాయమూర్తి మామిడన్న జగన్నాధరావుగా రధ్యక్షులుగా నున్న న్యాయసంఘము 2006లో తన 196వ నివేదికయందు, తెలివిగల రోగి అన్నియు నెఱిగి చికిత్స వలదన్నచో వైద్యుడు లోబడవలెనని చెప్పినది. అయినను ఆరోగ్యముగా నున్నపుడే వ్రాసియుంచు పత్రములు మాత్రము చెల్లవనినది. 2012లో న్యాయమూర్తి పి. వెంకటరామరెడ్డిగారి సంఘము 241వ నివేదికలో చాలవఱకు ఆ త్రోవనే నడచినది. ఆస్తిపత్రములకే దొంగసంతకములు పుట్టు దేశమున ఆ జాగ్రత్త యకారణము కాదు. కాని మాట పడిపోయిన పిమ్మట రోగి కోరికను చెప్పగల దా పత్రమొక్కటియే గదా! 2018 మార్చి 9వ తేదీన సుప్రీముకోర్టున ఐదుగురు న్యాయమూర్తులు గౌరవముగా మరణించుటయు జీవించుహక్కులోని భాగమే యని, అట్టి పత్రము చెల్లునని తీర్పు చెప్పిరి. మొదట మేజిస్ట్రేటు సంతకము వలయునన్నారు; అది యెవ్వరికిని సాధ్యపడలేదు. 2023 జనవరిలో దానిని సడలించి, ఇద్దఱు సాక్షులును, నోటరీగాని గెజిటెడు అధికారిగాని యున్న చాలునన్నారు. పత్రము లేనిచోటను బంధువుల సమ్మతితో రెండు వైద్యమండలులు చూచి నిర్ణయింపవచ్చును.

ఇది తెలియకయే మన కుటుంబములు వేఱొక దారి పట్టుచున్నవి. ఆశ లేదని వైద్యులు చెప్పినంతనే, సొంతపూచీపై తీసికొనిపోవుచున్నామని సంతకముచేసి, రోగిని బండిలో నెక్కించి, ఒక బంధువు దారిపొడుగున రబ్బరుతిత్తి నొక్కుచుండగా నింటికి గొనివత్తురు. కాకినాడనుండి అప్పనపల్లికి త్రోవ తక్కువ కాదు. నొప్పికి మందు లేదు, చెప్పువాడు లేడు. ఆ సంతకము తఱచుగా పెద్దకుమారుడో అల్లుడో చేయును. నలువదియేండ్లు కాపురము చేసిన భార్యను వరండాలోనే కూర్చుండబెట్టుదురు. తన తరపున మాటాడుటకు ఒకరికంటె నెక్కువమందిని సైతము పత్రమున పేర్కొనవచ్చునని 2023 నాటి యుత్తరువు చెప్పుచున్నది. అందు భార్యపేరు గాని కూతురిపేరు గాని వ్రాయుటకు అడ్డంకి యేదియు లేదు.